రంగుకు ఇంటిపేరు లోహానిదేనా?

దసరా సెలవులకు మా మేనకోడలు హిందూపురం నుంచి బెంగళూరు వచ్చింది. ఇంటర్ రెండో ఏడాది, ఎంపీసీ. బట్టల బ్యాగు కన్నా రికార్డు పుస్తకాల బ్యాగే బరువు. రెండో రోజు రాత్రి భోజనాలయ్యాక డైనింగ్ టేబుల్ మీద కెమిస్ట్రీ రికార్డు పరుచుకుని, స్నేహితురాలు ఫోన్‌లో పంపిన ఫోటోలు చూస్తూ సాల్ట్ ఎనాలిసిస్ ఎక్కిస్తోంది. నేను మజ్జిగ గ్లాసు పట్టుకుని పక్కన కూర్చున్నాను.

క్లోరైడు పరీక్ష: సిల్వర్ నైట్రేటు పోస్తే పెరుగు విరిగినట్టు తెల్లని అవక్షేపం. బ్రోమైడు: లేత పసుపు. అయోడైడు: పసుపు. ముప్పై ఏళ్ల కిందట నేను రాసిన వాక్యాలే. అప్పుడు నేనూ చూసి రాసినవే.

"మామా, ఒక డౌటు. మూడింట్లోనూ పోసింది అదే సిల్వర్ నైట్రేటు కదా. మరి రంగెందుకు మారింది?"

"మీ సార్‌ను అడగలేదా?"

"అడిగినా. రంగు చూసి ఏ సాల్టో కనుక్కోవాలి, అంతవరకే. ఎందుకు అనేది సిలబస్‌లో లేదన్నారు."

సార్‌ను తప్పుపట్టలేను. పద్దెనిమిదేళ్లుగా పీణ్యలో ప్లాస్టిక్‌కు రంగులు తయారుచేసే మాస్టర్‌బ్యాచ్ ల్యాబులో నా ఉద్యోగం. రంగే నాకు అన్నం పెడుతోంది. ఇన్నేళ్లలో నేనూ ఆ ప్రశ్న అడగలేదు. కానీ ఆ రాత్రి నుంచి ఒక విషయం నన్ను వదలడం లేదు. స్ఫటికాల రంగు గురించి మనం చదువుకున్న పాఠంలో, మార్కెట్లో వాడే పేర్లలో, రంగు మొత్తాన్నీ లోహానికే రాసిచ్చేశాం. పక్కనున్న ఆనయాన్‌కు, అంటే ఋణావేశంతో లోహానికి జతగా ఉండే ఆక్సైడు, సల్ఫైడు, క్లోరైడు, నైట్రైడు లాంటి వాటికి, ఏదో తోడుపెళ్లికూతురి స్థానం ఇచ్చాం. ఆ పంపకం సరైనది కాదని నా వాదన. ఈ మూణ్నెల్లలో దానికి ఎన్ని చిల్లులు పడ్డాయో కూడా చెబుతాను.

డబ్బా మీది పేర్లు

మా స్టోర్సులో పిగ్మెంటు డబ్బాల వరస చూడండి. కాడ్మియం ఎల్లో. కాడ్మియం రెడ్. క్రోమ్ ఎల్లో. కోబాల్ట్ బ్లూ. ఐరన్ ఆక్సైడ్ రెడ్. టైటానియం వైట్. అన్నింటికీ ఇంటిపేరు లోహానిదే. ఒక్క ఐరన్ ఆక్సైడ్ తప్ప మిగతావాటిలో రెండో భాగస్వామి పేరే కనపడదు.

కాడ్మియం సంగతి తీసుకోండి. పసుపు డబ్బాలో ఉన్నది కాడ్మియం సల్ఫైడు. ఎరుపు డబ్బాలోనూ అదే కాడ్మియం, అదే మోతాదులో. తేడా ఒక్కటే: గంధకం ఉండాల్సిన చోట్లలో కొన్నింటిని సెలీనియం ఆక్రమించింది. సెలీనియం పాలు కొంచెమైతే నారింజ, ఇంకొంచెం పోస్తే ఎరుపు, ఇంకా పోస్తే ముదురు మెరూన్. పసుపు నుంచి మెరూన్ దాకా ఈ ప్రయాణంలో కాడ్మియం వేలు కూడా కదపలేదు. అయినా డబ్బా మీద పేరు దానిదే. సెలీనియం పేరు చూడాలంటే సేఫ్టీ డేటా షీట్ రెండో పేజీ దాకా వెళ్లాలి.

క్రోమ్ ఎల్లో ఇంకా వింత. అది లెడ్ క్రోమేటు. ఇందులో క్రోమియానికి తన డీ-ఎలక్ట్రాన్లు ఒక్కటీ మిగల్లేదు. పాఠంలో చెప్పే డీ-డీ పరివర్తన, అంటే లోహం లోపలే ఒక డీ-మెట్టు నుంచి ఇంకో డీ-మెట్టుకు ఎలక్ట్రాను ఎగరడం, జరగడానికి అక్కడ ఎవరూ లేరు. ఆక్సిజన్ మీది ఎలక్ట్రాను కాంతిని మింగి క్రోమియం మీదికి దూకడం వల్ల ఆ పసుపు వస్తుంది. మనందరికీ తెలిసిన పొటాషియం పర్మాంగనేటుదీ ఇదే కథ. మాంగనీసు ఖాళీ చేతులతో ఉంది, ఎలక్ట్రాను ఇచ్చింది ఆక్సిజన్. పరీక్షలో మాత్రం "మాంగనీసు పరివర్తన లోహం కాబట్టి రంగు" అని రాసి మార్కులు తెచ్చుకున్నాం. నాకైతే పూర్తి మార్కులే పడ్డాయి.

పొటాషియం అయోడైడు తెల్లగా ఎందుకుంది?

ఇదంతా మర్నాడు పొద్దున్నే దోసెలు తింటూ ఆ పిల్లకు గొప్పగా చెప్పాను. "చూశావా, పసుపు అయోడైడుది. వెండి ఊరికే ఉంది" అని ముగించాను.

ఆ పిల్ల చట్నీలో దోసె ముంచుతూ, "మరి మా ల్యాబులో పొటాషియం అయోడైడు డబ్బా ఉంది మామా. ఉప్పులాగా తెల్లగా ఉంటుంది" అంది.

నాకు దోసె గొంతులో పడింది. నిజమే. పొటాషియం అయోడైడు తెలుపు, సోడియం అయోడైడు తెలుపు. లెడ్ నైట్రేటు తెలుపు. కానీ లెడ్ నైట్రేటు ద్రావణంలో పొటాషియం అయోడైడు పోస్తే బంగారు పసుపు. ఆ పరీక్షా ఆ రికార్డులోనే, ఇంకో పేజీలో ఉంది. పసుపూ సున్నమూ కలిస్తే ఎర్రని పారాణి అయినట్టు (ఆ రసాయనం వేరేలెండి) రెండు తెల్లనివి కలిసి మూడో రంగు పుట్టింది. దాన్ని అయోడైడు ఒక్కదాని ఖాతాలో వేస్తే, లోహానికి మొత్తం రాసిచ్చినవాళ్లు చేసిన తప్పే నేనూ తిరగేసి చేసినట్టు.

ఆఫీసుకు వెళ్లే దారిలో గొరగుంటెపాళ్య సిగ్నల్ దగ్గర అరగంట ఇరుక్కున్నాను. మా ఊరి మిద్దెను తలుచుకుంటే లెక్క కుదిరింది. సాయంత్రం ఆ పిల్లకు అలాగే చెప్పాను. స్ఫటికం ఒక గది అనుకో. నేల చాలావరకు ఆనయాన్‌ది, ఎందుకంటే నిండుగా ఉన్న ఎలక్ట్రాన్లు దాని దగ్గరే ఉంటాయి. మిద్దె చాలావరకు లోహానిది, ఎందుకంటే ఖాళీ చోట్లు దాని దగ్గర ఉంటాయి. నేలకూ మిద్దెకూ మధ్య ఎత్తే బ్యాండ్ గ్యాప్. కాంతి వచ్చి ఎలక్ట్రానును నేల మీంచి మిద్దె మీదికి ఎగరేయాలి. కంటికి కనపడే కాంతిలో ఎరుపుకు సుమారు 1.8 ఎలక్ట్రాన్ వోల్టుల బలం, ఊదాకు సుమారు 3.1. పొటాషియం అయోడైడులో మిద్దె ఎత్తు దాదాపు 6. ఏ కనపడే కాంతీ అక్కడిదాకా ఎగరేయలేదు. అన్ని రంగులూ వెనక్కి వచ్చేస్తాయి, మనకు తెలుపు కనపడుతుంది. పొటాషియాన్ని తీసి వెండినో సీసాన్నో పెడితే మిద్దె కిందికి దిగుతుంది. అప్పుడు ఊదా, నీలం కాంతులు మింగుడుపడతాయి, మిగిలింది పసుపుగా కనపడుతుంది.

అంటే రంగు ఎవరిదీ కాదు, ఇద్దరి మధ్యనున్న దూరానిది. నా వాదన ఇక్కడికి సగం దిగింది. "రంగు ఆనయాన్‌ది" అనే మాట మానుకుని "రంగులో సగం వాటా ఆనయాన్‌ది" అనే దగ్గర ఆగాను. సగం వాటా ఉన్నవాళ్లకు పాఠంలో సగం పేజీ అయినా ఇవ్వాలి కదా అనేది మాత్రం వదల్లేదు.

బై-టూ కాఫీ

మా మదనపల్లె స్నేహితుడొకడు ఇక్కడే ఒక కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాడు. ఆదివారం మల్లేశ్వరంలో ఒక దర్శినిలో బై-టూ కాఫీ చెప్పి వాడి ముందు ఇదంతా పెట్టాను. వాడు ఏ మాటనూ తేలిగ్గా ఒప్పుకునే రకం కాదు.

"ఒరేయ్, లైగాండ్లని మేం నెల రోజులు చెబుతాం. స్పెక్ట్రోకెమికల్ శ్రేణి అంటేనే ఆనయాన్ల జాబితా. అయోడైడు, బ్రోమైడు, క్లోరైడు, ఫ్లోరైడు అని వరసగా పిల్లలు కంఠతా పెడతారు. ఆనయాన్‌ను ఎవరు మర్చిపోయారు?"

న్యాయమైన మాటే. కానీ ఆ పాఠంలో లైగాండు, అంటే లోహాన్ని చుట్టుకుని ఉండేది, చేసే పనేమిటి? లోహపు డీ-ఆర్బిటాళ్లను కొంచెం దూరంగానో కొంచెం దగ్గరగానో చీల్చడం. రంగు పుట్టేది లోహం ఇంట్లోనే, ఆనయాన్ కిటికీ ఎంత తెరవాలో చెబుతుందంతే. నేనంటున్నది ఎలక్ట్రాను అసలు ఆనయాన్ ఇంట్లోంచే బయల్దేరే స్ఫటికాల గురించి. వాటికి ఆ పాఠంలో చోటు పర్మాంగనేటు దగ్గర ఒకటి రెండు వాక్యాలు.

వాడు కప్పు కింద పెట్టి రెండో బాణం వేశాడు. "సరే, కెంపు, పచ్చ. రెండింట్లోనూ క్రోమియం. రెండింట్లోనూ చుట్టూ ఆక్సిజనే. ఒకటి ఎరుపు, ఒకటి ఆకుపచ్చ. ఇందులో నీ ఆనయాన్ మార్చిందేముంది?"

దీనికి నా దగ్గర అప్పుడు జవాబు లేదు. ఇప్పుడూ నిజాయితీగా చెప్పాలంటే, అక్కడ వాడే గెలిచాడు. ఆనయాన్ అదే అయినా అది ఎంత దగ్గరగా, ఎంత గట్టిగా పట్టుకుని కూర్చుందనేది చుట్టుపక్కల మిగతా పరమాణువుల మీద ఆధారపడుతుంది. కెంపులో అల్యూమినియం ఆక్సైడు, పచ్చలో బెరిల్లియం, సిలికాన్‌తో కూడిన బెరిల్. క్రోమియం మీద పడే ఒత్తిడి వేరు. నా సగం వాటా లెక్కకు ఇలాంటి చోట్ల పప్పులుడకవు.

పైగా ఇంకో దెబ్బ కొట్టాడు. "నీ సిల్వర్ లెక్క కూడా చూసుకో. బ్రోమైడు గ్యాప్ 2.7 దగ్గర, అయోడైడుది 2.8 పైన. నీ మిద్దె సిద్ధాంతం ప్రకారం బ్రోమైడే ఎక్కువ పసుపు ఉండాలి." ఇంటికొచ్చి చూస్తే నిజమే. కారణం ఏమిటంటే బ్రోమైడులో ఆ ఎగురుడు నిటారుగా ఉండదు, ఏటవాలుగా ఉంటుంది. స్ఫటికపు కంపనం సాయం పట్టనిదే ఎలక్ట్రాను పైకి చేరదు, అందుకే ఆ కాంతిని అరకొరగా మింగుతుంది. అయోడైడులో నిటారు ఎగురుడు, ఆబగా మింగుతుంది. అందుకే లేత పసుపు, పసుపు. రికార్డు పుస్తకంలో రెండు మాటల్లో ఉన్న తేడా వెనక ఇంత ఉంది. ఇది ఆ పిల్లకు చెప్పలేదు. దానికి ఎంసెట్ ఉంది.

ఓడిపోతున్నప్పుడు చేతికి దొరికిన మంచి ఆయుధం యూరోపియం అనే లోహం. దర్శిని సీలింగుకు వేలాడుతున్న ఎల్‌ఈడీ బల్బును చూపించాను. యూరోపియం అయాను (రెండు ధనావేశాలది) ఒక్కటే తీసుకో. దాన్ని ఫ్లోరిన్-బ్రోమిన్ కలిసిన బేరియం స్ఫటికంలో పెడితే 390 నానోమీటర్ల దగ్గర ఊదా వెలుగు ఇస్తుంది. ఆక్సిజన్-నైట్రోజన్ కలిసిన బీటా సియలాన్‌లో పెడితే 535 దగ్గర ఆకుపచ్చ. కాల్షియం అల్యూమినియం సిలికాన్ నైట్రైడులో పెడితే 650 దగ్గర ఎరుపు. ఈ చివరి రెండూ 2005, 2006ల్లో జపాన్ నుంచి వచ్చాయి. ఇప్పుడు ఇళ్లలో వెచ్చని పసుపు కాంతి ఇచ్చే ఎల్‌ఈడీల్లో ఎరుపు పాలు చాలావరకు ఇలాంటి నైట్రైడులదే. ఇంద్రధనుస్సు ఈ చివర నుంచి ఆ చివరకు నడిచిన మనిషి ఒక్కడే, మారింది ఇల్లు. నైట్రోజన్ యూరోపియం ఎలక్ట్రాన్లను ఎక్కువగా తనవైపు పంచుకుంటుంది కాబట్టి పై మెట్టు బాగా కిందికి దిగుతుంది.

వాడు కాసేపు బల్బు వైపు చూసి, "ఇది సిలబస్‌లో పెడితే పిల్లలు నన్ను కొడతారు" అన్నాడు. అది ఒప్పుకోలు కిందే లెక్కేశాను. కాఫీ డబ్బులు మాత్రం నాచేతే కట్టించాడు.

నేలను ఎత్తు చేయడం

నా వాదనకు అసలు బలం మిశ్రమ ఆనయాన్ స్ఫటికాల్లో ఉంది. ఒకే స్ఫటికంలో రెండు రకాల ఆనయాన్లు: ఆక్సిజన్‌తో నైట్రోజన్, ఆక్సిజన్‌తో గంధకం, ఫ్లోరిన్‌తో క్లోరిన్. లోహాన్ని ముట్టుకోకుండా నేలను మాత్రం ఎత్తు చేసే పద్ధతి ఇది.

టాంటలం ఆక్సైడు తెల్లని పొడి, గ్యాప్ 4కు దగ్గర్లో. దానిలో ఆక్సిజన్‌లో కొంత తీసి నైట్రోజన్ పెడితే టాంటలం ఆక్సీనైట్రైడు, 2.5, పసుపు. ఆక్సిజన్ మొత్తం పోయి నైట్రైడు అయితే 2.1, ఎరుపు. నైట్రోజన్ తన ఎలక్ట్రాన్లను ఆక్సిజన్ అంత గట్టిగా పట్టుకోదు, అందుకే నేల మట్టం పెరుగుతుంది. ఇంటి ముందు రోడ్డు వేసినప్పుడల్లా ఎత్తు పెరిగి మన గడప కిందికి పోవడం బెంగళూరులో రోజూ చూసేదే. అలాంటిదే.

2000లో మార్టిన్ జాన్సెన్, లెచర్ట్ అనే ఇద్దరు నేచర్ పత్రికలో దీన్నే పిగ్మెంటుగా చూపించారు. కాల్షియం టాంటలం ఆక్సీనైట్రైడు పసుపు. కాల్షియం బదులు లాంథనం, దానికి తగ్గట్టు ఒక ఆక్సిజన్ బదులు ఒక నైట్రోజన్ పెట్టుకుంటూ పోతే నారింజ మీదుగా ముదురు ఎరుపు దాకా. కాడ్మియం లేదు, సీసం లేదు. కాల్షియం, లాంథనం స్వతహాగా రంగు ఇచ్చేవి కావు. ఆవేశాల జమాఖర్చు సరిచూడటానికి వచ్చిన గుమాస్తాలు అవి.

నాలుగేళ్ల కిందట ఒక కస్టమర్ నైలాన్‌కు కాడ్మియం లేని ఎరుపు కావాలని పట్టుబట్టినప్పుడు నాకు ఆ పేపర్ గుర్తొచ్చింది. ఎగుమతి సరుకు. యూరప్ ఎలక్ట్రానిక్స్ నియమం ప్రకారం కాడ్మియం 0.01 శాతం దాటకూడదు. నైలాన్ ఎక్స్‌ట్రూడర్‌లో 280 డిగ్రీల దగ్గర మేం పెట్టిన సేంద్రియ ఎరుపు రంగు కాఫీ డికాక్షన్‌లా తయారైంది. మూడు ట్రయల్స్ తగలబెట్టాను. ఆక్సీనైట్రైడు నమూనా కోసం తెలిసిన సప్లయర్లందరికీ ఫోన్లు చేశాను. ఒకాయన "సార్, అది ల్యాబులో దొరుకుతుంది, గోనెసంచిలో దొరకదు" అన్నాడు. టాంటలం ఖరీదు. తయారీకి వేడి అమ్మోనియా వాయువు ప్రవాహంలో 900 డిగ్రీల పైన గంటల తరబడి కాల్చాలి. గాలి తగిలేలా గట్టిగా వేడిచేస్తే ఆక్సిజన్ తన కుర్చీ తను వెనక్కి లాక్కుంటుంది, రంగు పోతుంది. చివరికి కస్టమరే ఎరుపు వదిలి ఇటుకరాయి రంగు ఐరన్ ఆక్సైడుకు ఒప్పుకున్నాడు. లోహం పేరున్న డబ్బానే గెలిచింది.

ఇది నా వాదనకు ఎదురయ్యే ప్రశ్నల్లో నాకు బాగా గుచ్చుకునేది. ఆనయాన్‌లో అంత సత్తా ఉంటే మార్కెట్ దాన్నెందుకు వాడుకోలేదు? లోహాన్ని మార్చడం తేలిక. కొలిమిలో పొడి మార్చి వేస్తే చాలు. గాలి నిండా ఆక్సిజన్ ఉన్న ఈ భూమి మీద రెండో ఆనయాన్‌ను లోపల కూర్చోబెట్టి, లేవకుండా చూడటం కష్టం. అంటే పాఠం లోహం వైపు మొగ్గడంలో పిల్లలను మోసం చేయాలనే ఉద్దేశమేమీ లేదు, మనుషులు వేల ఏళ్లుగా సులువుగా మార్చగలిగింది దాన్నే.

అయినా ప్రయత్నాలు ఆగలేదు. నా ల్యాబు నుంచి జక్కూరు, ట్రాఫిక్ లేకపోతే, పెద్ద దూరమేం కాదు. అక్కడి జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్‌లో సి.ఎన్.ఆర్. రావు బృందం 2016లో జింక్ ఆక్సైడులో ఆక్సిజన్ అంతటినీ తీసేసి, నైట్రోజన్, ఫ్లోరిన్ జంటగా పెట్టిన పదార్థాన్ని ప్రకటించింది. లెక్క ముచ్చటగా ఉంటుంది. నైట్రోజన్‌కు మూడు ఋణావేశాలు, ఫ్లోరిన్‌కు ఒకటి. కలిపితే నాలుగు. రెండు ఆక్సిజన్లకూ నాలుగే. ఒక పెద్ద నోటు, ఒక చిన్న నోటు ఇచ్చి రెండు మధ్య నోట్లు తీసుకున్నట్టు. జింకు అదే జింకు, గ్యాప్ మాత్రం జింక్ ఆక్సైడు కన్నా తగ్గింది. ఈ బ్లాగు చదివే కెమిస్ట్రీ వాళ్లకు ఇది పాత వార్తే, నాలాంటి ప్లాస్టిక్ వాడికి మాత్రం సొంత ఊళ్లో జరిగిన సంగతి ఇంత ఆలస్యంగా తెలిసింది.

ఎవరి కుర్చీ వారిది

ఇంతవరకు చెప్పినవాటిలో చాలావరకు రెండు ఆనయాన్లు పాలూ నీళ్లలా కలిసేవే. గంధకం, సెలీనియం అలా కలుస్తాయి. మధ్యలో రంగు వస్తుంది. ఇందులో వింత తక్కువ. అలా కలవకుండా, ఒక్కొక్కరు తమ కుర్చీలో తాము కూర్చునే స్ఫటికాలే నన్ను పట్టుకున్నాయి.

పోయిన ఏడాది అమ్మ బాత్‌రూమ్‌లో జారి మణికట్టు మీద పడింది. ఎక్స్‌రే సెంటర్లో టెక్నీషియన్ కుర్రాడు ఫిల్ములా ఉన్న ప్లేటును ఒక పెట్టెలోకి తోశాడు, అర నిమిషంలో కంప్యూటర్ తెర మీద అమ్మ చేతి ఎముకలు. "ఫిల్ము కడగరా నాయనా?" అంది అమ్మ. "కడిగేదేం లేదమ్మా, అదే గుర్తు పెట్టుకుంటుంది" అన్నాడు. ఆ గుర్తు పెట్టుకునేది ఏమిటో తెలుసుకోవాలని ఇంటికొచ్చి చాలాసేపు చదివాను. అమ్మ చేతికి కట్టు కట్టించిన బాధ్యత కన్నా దీని మీదే ఎక్కువ సమయం పెట్టానని ఇంట్లో ఇప్పటికీ అంటారు.

ఇలాంటి ప్లేట్లలో చాలావాటి మీద ఉండేది బేరియం ఫ్లోరోబ్రోమైడు, అందులో చిటికెడు యూరోపియం. ఫ్లోరిన్ చిన్నది, బ్రోమిన్ పెద్దది. ఒకరి కుర్చీలో ఒకరు ఇమడరు. అందుకే స్ఫటికంలో ఫ్లోరిన్ పొర ఒకచోట, బ్రోమిన్ పొరలు ఒకచోట. అక్కడక్కడా కొన్ని కుర్చీలు ఖాళీ. ఎక్స్‌రే తగిలినప్పుడు చెల్లాచెదురైన ఎలక్ట్రాన్లలో కొన్ని ఆ ఖాళీ కుర్చీల్లో చిక్కుకుని కూర్చుంటాయి. వీటిని ఎఫ్-సెంటర్లు అంటారు. ఎఫ్ అంటే ఫ్లోరిన్ కాదు, జర్మన్‌లో రంగు అనే మాటకు మొదటి అక్షరం. ప్లేటును రీడర్‌లో పెట్టి ఎర్రని లేజర్‌తో గీకితే ఆ ఎలక్ట్రాన్లు లేచి వచ్చి యూరోపియం దగ్గర ఊదా వెలుగుగా బయటపడతాయి. ఎక్కడ ఎంత వెలుగు వచ్చిందో కొలిస్తే అదే ఎముక బొమ్మ. ఫ్యూజీ సంస్థ దీన్ని 1980ల మొదట్లో మార్కెట్లోకి తెచ్చింది.

ఇక్కడ బేరియం గొప్పేముంది? యూరోపియం దీపం సరే. కానీ ఎలక్ట్రానును దాచిపెట్టి, అడిగినప్పుడు ఇచ్చే గుణం ఖాళీ అయిన ఆనయాన్ కుర్చీది. ఆనయాన్ ఉన్నందుకు కాక, లేనందుకు కనపడే లక్షణం ఇది. దాన్ని తోడుపెళ్లికూతురంటే ఎలా?

అంతకు ముందు తరం ఫిల్ము క్యాసెట్లలోనూ ఇదే కుటుంబం. ఎక్స్‌రేను ఆకుపచ్చ వెలుగుగా మార్చే గెడోలీనియం ఆక్సీసల్ఫైడు తెర, ఆ వెలుగు పడే ఫిల్ము మీద సిల్వర్ బ్రోమైడు, దాంట్లో కాస్త అయోడైడు. మా మేనకోడలి మూడు టెస్ట్‌ట్యూబుల్లో రెండు. పాత కలర్ టీవీ పిక్చర్ ట్యూబులో ఎర్ర చుక్కలు ఇట్రియం ఆక్సీసల్ఫైడు. ట్యూబ్‌లైటు లోపలి తెల్లపూత మీద ఇంకో వ్యాసం రాయొచ్చు. బ్రిటన్‌లో మెకీగ్, రాన్బీ 1942లో కనిపెట్టిన కాల్షియం హాలోఫాస్ఫేటు అది. ఫ్లోరిన్, క్లోరిన్ రెండూ ఉంటాయి. ఆంటిమొనీ నీలం వైపు, మాంగనీసు నారింజ వైపు వెలుగు ఇస్తాయి. మాంగనీసు మోతాదు, ఫ్లోరిన్-క్లోరిన్ పాళ్లు మారిస్తే తెలుపులో చల్లదనం, వెచ్చదనం మారుతాయి. అది మన పళ్ల మీది ఎనామిల్ కుటుంబానికే చెందిన స్ఫటికం. అందులో ఫ్లోరిన్, క్లోరిన్ ఉన్నచోట పంట్లో ఎక్కువగా హైడ్రాక్సైడు ఉంటుంది. ఫ్లోరైడు నీళ్లతో పళ్లు గారపట్టిన ఊళ్ల నుంచి వచ్చిన మనకు ఈ బంధుత్వం కొంచెం చేదుగానే ఉంటుంది.

వెలుగులో విడాకులు

రెండు ఆనయాన్లను ఒకే ఇంట్లో పెట్టడం ఎప్పుడూ సుఖంగా ముగియదు. సోలార్ సెల్స్ కోసం అందరూ మోజుపడ్డ లెడ్ హాలైడు పెరోవ్‌స్కైటులు అనే స్ఫటికాల్లో అయోడైడు, బ్రోమైడు పాళ్లు మార్చి గ్యాప్‌ను కావలసినట్టు మలచవచ్చు. చాలా సులువు కూడా. క్లోరైడు, బ్రోమైడు, అయోడైడు మారుస్తూ సీజియం లెడ్ హాలైడు నానో స్ఫటికాలతో ఊదా నుంచి ఎరుపు దాకా మొత్తం వరస రాబట్టవచ్చని 2015లో చూపించారు. సీసం అదే, సీజియం అదే. నా వాదనకు ఇంతకన్నా మంచి సాక్షి దొరకడనుకున్నాను.

అదే 2015లో ఇంకో బృందం చూసిందేమిటంటే, అయోడైడు, బ్రోమైడు కలిసిన పెరోవ్‌స్కైటు పొర మీద వెలుగు పడితే నిమిషం లోపే అయోడైడు అంతా ఒక మూల, బ్రోమైడు అంతా ఒక మూల పోగుపడటం మొదలవుతుంది. చీకట్లో పెడితే మళ్లీ కలిసిపోతాయి. వెలుగులో విడాకులు, చీకట్లో కాపురం. ఎండలో పనిచేయాల్సిన సోలార్ సెల్‌కు ఇంతకన్నా ఇబ్బందికరమైన గుణం ఉంటుందా? నేను ఈ సంగతి మా స్నేహితుడికి చెప్పలేదు. వాడు ఎలాగూ ఈ వ్యాసం చదువుతాడు.

ఇప్పుడు నేనెక్కడ నిలబడ్డానంటే, లోహం పేరు డబ్బా మీంచి తీసేయమనడం లేదు. కెంపు-పచ్చ దగ్గర నా లెక్క తప్పింది. సిల్వర్ బ్రోమైడు దగ్గర తడబడింది. తయారీ కష్టాలు చూస్తే ఆనయాన్ ఇప్పటికీ మొండి పెళ్లికొడుకే. కానీ పదహారేళ్ల పిల్ల చేతిలో మూడు టెస్ట్‌ట్యూబులు ఉన్నాయి. మూడింట్లోనూ వెండి ఒక్కటే, రంగులు మూడు. ప్రశ్న టేబుల్ మీదే ఉంది. దాన్ని "సిలబస్‌లో లేదు" అని పక్కన పెట్టి, ఇంకో పేజీలో "రంగుకు కారణం పరివర్తన లోహాలు" అని డిక్టేట్ చేయడం మాత్రం నాకు మింగుడు పడటం లేదు. నేల, మిద్దె అనే రెండు మాటలు చెప్పడానికి క్లాసులో పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలు నాకు ఎవరైనా ఇచ్చుంటే ఆ మూడు నైలాన్ ట్రయల్స్ తగలబెట్టేవాణ్ని కాదని మాత్రం అనలేను. అవి ఎలాగూ కాలేవి. ఎందుకు కాలాయో ముందే తెలిసుండేదేమో.

పోయిన వారం ఆ పిల్ల వాట్సాప్‌లో రికార్డు పేజీ ఫోటో పంపింది. అయోడైడు పరీక్ష ఎదురుగా, పరిశీలన గడిలో, మిగతా అందరూ "పసుపు అవక్షేపం" అని ఆపేసిన చోట, ఇది ఇంకో వాక్యం కలిపింది: "అయోడైడు నుంచి వెండికి ఎలక్ట్రాను ఎగరడానికి నీలం కాంతి చాలు కాబట్టి పసుపు." చేతిరాత ఆ వాక్యం దగ్గర కొంచెం చిన్నదైంది.

సార్ దానికి టిక్కు పెట్టలేదు. కొట్టేయనూ లేదు. పక్కన ఎర్ర పెన్నుతో చిన్న ప్రశ్నార్థకం పెట్టి, పేజీ కింద సంతకం చేశారు.

"ఏం రాయమంటావు మామా?" అని కింద మెసేజ్.

సోమవారం ల్యాబుకు వెళ్లేటప్పుడు రెండు చిన్న సీసాలు పట్టుకెళ్లి, సార్ ఎదురుగా రెండు తెల్లనివి కలిపి చూపించమన్నాను. లెడ్ నైట్రేటు వాళ్ల దగ్గరే ఉంటుంది.